టెంప్ ఫోల్డర్ మీద పెత్తనం ఎవరిది: ఒక సర్వర్ సాఫ్ట్‌వేర్ కేస్ స్టడీ

పెద్ద పెద్ద స్కాన్ ఫైళ్లను అప్‌లోడ్ చేయించుకుని, సరిచూసి, పీడీఎఫ్‌లుగా మార్చి, స్టోరేజ్‌లో భద్రపరిచే సర్వర్ సాఫ్ట్‌వేర్ మీద మా టీమ్ పనిచేస్తోంది. అది నడిచేది మా దగ్గర కాదు. కస్టమర్ల మెషీన్ల మీద వాళ్ల అడ్మిన్లే ఇన్‌స్టాల్ చేసుకుని నడుపుకుంటారు. కొందరికి లినక్స్, కొందరికి విండోస్ సర్వర్. ఈమధ్య కంటెయినర్లను (తమకు కావలసినవన్నీ కట్టుకుని విడిగా నడిచే ప్రోగ్రామ్ మూటలను) నడిపే కుబర్నెటిస్‌లో పెట్టుకునేవాళ్లూ పెరిగారు. మేం కోడ్ రాసేది చాలావరకు మ్యాక్‌ల మీద. ప్రధాన సర్వర్ జావాలో ఉంది. స్కాన్ చిత్రాలను శుభ్రం చేసే భాగం పైథాన్‌లో వేరే ప్రాసెస్‌గా నడుస్తుంది. విండోస్‌లో మాత్రం ఆఫీస్ ఫైళ్లను మార్చడానికి ఒక చిన్న డాట్‌నెట్ ప్రోగ్రామ్ ఉంది.

ఈ మూడూ తాత్కాలిక ఫైళ్లు రాస్తాయి. ఎక్కడ రాయాలన్నది, చాలా సర్వర్లలో లాగే, ఆయా భాషల లైబ్రరీలే తేల్చేవి. టెంప్ ఫైలు కావాలని అడిగితే ఏదో ఒక చోటు చూపిస్తాయి, పని జరిగిపోతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కనిపించిన కొన్ని ఫిర్యాదులను విప్పుకుంటూ పోతే అన్నీ ఇక్కడికే వచ్చి చేరాయి. తాత్కాలిక ఫైలును ఎక్కడ పెట్టాలి అనే ప్రశ్న కంటే ముందు, దాన్ని ఎవరు, ఎప్పుడు చెరిపేసే వీలుందో అడగాలి. ఈ కేసు నుంచి నేను గట్టిగా పట్టుకున్న మాట ఇదే.

మొదటి ఫిర్యాదు

ఒక లినక్స్ కస్టమర్ దగ్గర్నుంచి వచ్చింది. అడ్మిన్ ఫోన్‌లో చెప్పింది ఇది: "సర్వర్ బాగానే ఉందండీ. లాగిన్ అవుతోంది, పాత ఫైళ్లు తెరుచుకుంటున్నాయి. కొత్తది అప్‌లోడ్ చేస్తే మాత్రం ఎర్రర్. రీస్టార్ట్ చేస్తే పోతుంది, కొన్నాళ్లకి మళ్లీ అదే వరస."

అప్‌లోడ్‌కి వాడే తాత్కాలిక లొకేషన్ చెల్లదని లాగ్‌లో ఉంది. దాని పక్కనే, లినక్స్‌లో అందరి తాత్కాలిక ఫైళ్లూ పడే /టీఎంపీ ఫోల్డర్ కింద టామ్‌క్యాట్ అని మొదలై, వెనుక పొడవాటి అంకె తగిలించుకున్న ఒక డైరెక్టరీ పేరు. దాన్ని ఎల్ఎస్ కమాండ్ కొట్టి చూడమంటే, అలాంటి డైరెక్టరీయే లేదన్నారు.

మా సర్వర్ లోపల వెబ్ రిక్వెస్ట్‌లను అందుకునే టామ్‌క్యాట్ స్టార్ట్ అయ్యేటప్పుడు /టీఎంపీ కింద తనకో డైరెక్టరీ చేసుకుంటుంది. అప్‌లోడ్ వచ్చినప్పుడల్లా ఆ ఫైలు ముక్కలు అందులో పడతాయి, పని అయ్యాక పోతాయి. సర్వీసులను మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీ ఉన్న లినక్స్‌లలో పాత ఫైళ్లను ఊడ్చే టైమర్ ఒకటి ఉంటుంది. మెషీన్ లేచిన 15 నిమిషాలకు ఒకసారి, ఆపైన రోజుకోసారి నడుస్తుంది. సిస్టమ్‌డీతో వచ్చే మామూలు సెట్టింగ్ ప్రకారం /టీఎంపీలో 10 రోజులుగా ఎవరూ తాకనివి, /వార్/టీఎంపీలో 30 రోజులుగా తాకనివి చెరిపేస్తుంది. ఆ కస్టమర్ దగ్గర అప్‌లోడ్‌లు నెలలో కొన్ని రోజులే ఉంటాయి. మధ్యలో ఖాళీ వచ్చిందంటే ఆ ఖాళీ డైరెక్టరీ ఊడ్పులో పోయేది. టామ్‌క్యాట్‌కి ఆ సంగతి తెలియదు. మేం వాడుతున్న వెర్షన్‌లో అది డైరెక్టరీ ఉందా లేదా అని చూసి, లేకపోతే ఎర్రర్ ఇచ్చేదే తప్ప, మళ్లీ చేసుకునేది కాదు. రీస్టార్ట్ చేస్తే కొత్త పేరుతో కొత్త డైరెక్టరీ వచ్చేది, సమస్య పోయినట్టు కనిపించేది.

ఇంతసేపూ హెల్త్ చెక్ పచ్చగానే ఉంది. అది డేటాబేస్‌ని పలకరిస్తుంది, స్టోరేజ్‌ని పలకరిస్తుంది. టెంప్ ఫోల్డర్‌ని ఎవరూ పలకరించరు. మెషీన్ ఎంత బిజీగా ఉంటే ఈ లోపం అంత కనబడదు. అందుకే మా లోడ్ టెస్టుల్లో ఇది ఎన్నటికీ దొరికేది కాదు.

ఆ డైరెక్టరీని ఊడ్చవద్దని, ఆ ఊడ్పుని నడిపే టీఎంపీఫైల్స్ సెట్టింగ్‌లో ఒక లైను రాస్తే ఆ కస్టమర్ వరకు పని అయిపోతుంది. వెంటనే అదే రాయించాం. కానీ ఆ లైను ప్రతి కస్టమర్ మెషీన్‌లో ఉండేలా చూడటం మా చేతిలో లేదు. పైగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్న సమస్యకి మందు అడ్మిన్ చేత వేయించడం నాకు నచ్చదు. ఆయన సిస్టమ్ చెప్పినట్టే నడుస్తోంది. ఏ ఫోల్డర్ దేనికో చెప్పే ఫైల్ సిస్టమ్ హైరార్కీ స్టాండర్డ్‌లో /టీఎంపీ గురించి ఉన్నది కూడా అదే: ప్రోగ్రామ్ ఒకసారి నడిచి మళ్లీ నడిచేసరికి అందులోవి మిగిలి ఉంటాయని అనుకోకూడదు. నెలల తరబడి ఆగకుండా నడిచే సర్వర్‌కి ఈ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది.

ఒక్కో చోట ఒక్కో కట్టుబాటు

కోడ్‌లో "టెంప్ డైరెక్టరీ" అని ఒకే పేరుతో పిలిచేది ఒక్కో ప్లాట్‌ఫాంలో ఒక్కో రకంగా నడుచుకుంటుంది.

లినక్స్‌లో /టీఎంపీ డిస్క్ మీద ఉండవచ్చు, మెమరీలో ఉండవచ్చు. ఫెడోరా అనే లినక్స్ రకం 2013 మొదట్లో, 18వ వెర్షన్‌తో దాన్ని మెమరీలో ఉండే టీఎంపీఎఫ్ఎస్‌కి మార్చింది. డెబియన్ 2025లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి అదే దారి పట్టింది. టీఎంపీఎఫ్ఎస్‌కి పరిమితి ఏమీ చెప్పకపోతే ర్యామ్‌లో సగం వరకు పెరుగుతుంది. చిన్న ఫైళ్లకి ఇది వరమే. మా సర్వర్ లాంటిది వందల మెగాబైట్ల స్కాన్లను అందులో పోస్తే, డిస్క్ నిండా ఖాళీ ఉన్నా చోటు లేదన్న ఎర్రర్ వస్తుంది. లేదంటే మెమరీ చాలక కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) ఏదో ఒక ప్రాసెస్‌ని చంపేస్తుంది. చచ్చేది ఎక్కువసార్లు అన్నిటికంటే ఎక్కువ మెమరీ పట్టుకున్నదే, అంటే మన జావా సర్వరే. అడ్మిన్ ఖాళీ చోటు చూపే డీఎఫ్ కమాండ్ కొట్టి రూట్ డిస్క్‌లో చోటు చూపించి, మీ సాఫ్ట్‌వేర్ తప్పు చెబుతోందని వాదిస్తే, ఆయన కోణంలో అది న్యాయమైన వాదనే.

మ్యాక్‌లో ఒక్కో యూజర్‌కి /వార్/ఫోల్డర్స్ కింద అర్థంకాని పేర్లతో పొడవాటి దారి ఉంటుంది. అక్కడి నుంచి మాకు వచ్చిన తలనొప్పులు రెండు. ఒకటి, ప్రాసెస్‌లు మాట్లాడుకోవడానికి ఫైలులా పెట్టుకునే యూనిక్స్ సాకెట్ దారి పొడవుకి మ్యాక్‌లో 104 బైట్ల హద్దు ఉంది, లినక్స్‌లో 108. టెంప్ కింద లోతైన ఫోల్డర్‌లో సాకెట్ పెడితే లినక్స్‌లో పనిచేసింది మ్యాక్‌లో పనిచేయదు. రెండోది, మ్యాక్‌లో /టీఎంపీ, /వార్ రెండూ సింబాలిక్ లింకులే (వేరే చోటికి చూపే పేర్లు), అసలువి /ప్రైవేట్ కింద ఉంటాయి. అప్‌లోడ్ ఫైలు మా ఫోల్డర్ దాటి బయటికి పోకుండా చూసే సెక్యూరిటీ చెక్ ఒకవైపు లింకు విప్పిన దారిని, మరోవైపు విప్పని దారిని పోల్చిందంటే, ప్రతి ఫైలునీ దొంగే అనుకుంటుంది. రెండు వైపులా విప్పాకే పోల్చాలి.

విండోస్‌ది మరో లోకం. అక్కడ సర్వీసుల టెంప్ ఫోల్డర్‌ని రీబూట్‌లో ఎవరూ ఖాళీ చేయరు. లినక్స్‌లో మనకు తెలియకుండా ఫైళ్లు పోతుంటే, విండోస్‌లో మనకు తెలియకుండా ఫైళ్లు పేరుకుపోతుంటాయి. రెండో ఫిర్యాదు అక్కడి నుంచే వచ్చింది.

ఖాళీ ఫైళ్లు నిండిన ఫోల్డర్

ఒక విండోస్ కస్టమర్ దగ్గర ఆఫీస్ ఫైళ్ల మార్పిడి మెల్లమెల్లగా నెమ్మదించి, ఒక రోజు పూర్తిగా ఆగింది. ఎర్రర్ ఏమిటంటే "ఫైలు ఇప్పటికే ఉంది". ఏ ఫైలు అన్నది అందులో లేదు. డిస్క్‌లో చోటు ఉంది, పర్మిషన్లు మారలేదు, ఎర్రర్ మాత్రం కదలదు.

టెంప్ ఫోల్డర్ తెరవడానికే ఎక్స్‌ప్లోరర్ చాలాసేపు తీసుకుంది. తెరిచాక కనిపించినవన్నీ ఒకే తీరు ఫైళ్లు: మొదట టీఎంపీ అనే మూడు అక్షరాలు, తర్వాత హెక్స్ (16 ఆధారంగా రాసే) అంకెలు నాలుగు, చివర టీఎంపీ ఎక్స్‌టెన్షన్. ప్రతి ఒక్కటీ సున్నా బైట్లు. ఎక్కడిదాకా స్క్రోల్ చేసినా అవే. చోటు తినవు కాబట్టి డిస్క్ మానిటరింగ్‌కి ఇవి ఎన్నడూ కనబడలేదు.

డాట్‌నెట్‌లో టెంప్ ఫైలు పేరు ఇచ్చే ఫంక్షన్ పేరు ఇచ్చి ఊరుకోదు, ఆ పేరుతో ఖాళీ ఫైలును కూడా సృష్టిస్తుంది. ఆ పేరు మీద తనకు తప్ప మరొకరికి హక్కు లేకుండా చేయడానికి అదే సరైన పద్ధతి. అయితే ఆఫీస్ మార్పిడికి పీడీఎఫ్ అనే ఎక్స్‌టెన్షన్ కావాలి. అందుకని ప్రోగ్రామ్ ఆ పేరు తీసుకుని, ఎక్స్‌టెన్షన్ మార్చి, కొత్త పేరుతో ఫైలు రాసేది. పని అయ్యాక తాను రాసినదాన్ని శుభ్రంగా చెరిపేసేది. మొదట పుట్టిన ఖాళీ ఫైలు మాత్రం అనాథగా మిగిలేది, ఒక్కో డాక్యుమెంట్‌కి ఒకటి చొప్పున.

ఈ ఫంక్షన్ అడుగున వాడే విండోస్ కాల్ పేరు కోసం 16 బిట్ల అంకె తీసుకుంటుంది. హెక్స్‌లో నాలుగు అంకెలంటే అదే. ఒక ఫోల్డర్‌లో ఒకే ముందక్షరాలతో గరిష్ఠంగా 65,535 పేర్లు. అంకె తీసుకుంటుంది, ఆ పేరు ఉంటే తర్వాతది చూస్తుంది, అదీ ఉంటే ఆ తర్వాతది. ఫోల్డర్ నిండేకొద్దీ వెతుకులాట పెరుగుతుంది కాబట్టే ముందు నెమ్మదించింది. అన్నీ అయిపోయాక చెప్పడానికి దానికి మిగిలిన మాట ఒక్కటే, ఫైలు ఇప్పటికే ఉంది. డాట్‌నెట్ 8లో ఈ హద్దు తీసేశారు. కానీ మా ప్రోగ్రామ్ పాత ఫ్రేమ్‌వర్క్ మీద నడిచేది. పైగా హద్దు పోతే ఎర్రర్ పోతుంది, ఖాళీ ఫైళ్ల కుప్ప పోదు.

ఇందులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వేరే విషయం. ఆ ఫోల్డర్ మాది ఒక్కరిదే కాదు. అదే సర్వీస్ అకౌంట్ కింద నడిచే వేరే సాఫ్ట్‌వేర్ కూడా అదే ఫోల్డర్‌లో, అవే మూడు అక్షరాలతో పేర్లు అడుగుతుంది. మనం పేర్లన్నీ వాడేస్తే పొరుగువాడి పని ఆగుతుంది, వాడు వాడేస్తే మనది. ఉమ్మడి ఫోల్డర్‌లో ఎవరి ఫైలు ఎవరిదో తేల్చలేక, ఊడ్చే స్క్రిప్ట్ రాయడానికి కూడా చెయ్యి రాలేదు.

ఇక జావా వైపు చూస్తే, విండోస్‌లో చెరపలేక మిగిలిపోయిన ఫైళ్లు మరికొన్ని కనిపించాయి. తెరిచి ఉన్న ఫైలును లినక్స్‌లో చెరిపితే పేరు పోతుంది, డేటా మాత్రం మూసేదాకా ఉంటుంది. విండోస్‌లో, తెరిచినవాళ్లు చెరపడానికి ఒప్పుకుంటున్నామని ముందే చెప్పి తెరవకపోతే, చెరపడం కుదరదు. యాంటీవైరస్ ఆ క్షణంలో ఫైలును స్కాన్ చేస్తున్నా ఇదే గతి పట్టవచ్చు. జావాలో మెమరీ మ్యాప్ చేసిన (మెమరీకి జోడించి చదివే) ఫైలైతే, వాడని మెమరీని తీసేసే గార్బేజ్ కలెక్టర్ ఆ బఫర్‌ని వదిలేదాకా ఆగాల్సిందే. పాత ఫైల్ క్లాస్‌లోని డిలీట్ విఫలమైతే ఎక్సెప్షన్ రాదు, "కాలేదు" అని ఒక విలువ తిరిగి ఇస్తుంది. ఆ విలువని చూసే కోడ్ అరుదు. కొత్త ఫైల్స్ క్లాస్‌లోని డిలీట్ అయితే కారణంతో సహా ఎక్సెప్షన్ ఇస్తుంది. పాతదాన్ని మా కోడ్‌లో ఎక్కడా వాడకుండా బిల్డ్‌లోనే అడ్డు పెట్టాం.

ఒక మాట, మూడు అర్థాలు

లినక్స్ కస్టమర్లలో అనుభవం ఉన్న అడ్మిన్లు తమంతట తామే ఒక పని చేశారు. సర్వీస్ ఫైలులో టీఎంపీడిర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని (ప్రాసెస్‌కి బయటి నుంచి ఇచ్చే విలువని) పెద్ద డిస్క్ వైపు తిప్పారు. యూనిక్స్ తరహా సిస్టమ్‌ల స్టాండర్డ్ అయిన పాసిక్స్‌లో ఉన్న పద్ధతే అది. పైథాన్ భాగం మాట విన్నది. జావా వినలేదు. లినక్స్‌లో జావా ఈ వేరియబుల్‌ని చూడదు, /టీఎంపీనే పట్టుకుంటుంది. దానికి వేరే ప్రాపర్టీని, అదీ జేవీఎం (జావాని నడిపే ఇంజిన్) స్టార్ట్ అయ్యేటప్పుడే ఇవ్వాలి. సగం ఫైళ్లు కొత్త డిస్క్‌కి, సగం పాత చోటికి.

విండోస్‌లో ఇంకో మెలిక. అక్కడి సిస్టమ్ కాల్ మొదట టీఎంపీ వేరియబుల్‌ని, తర్వాత టెంప్‌ని చూస్తుంది. పైథాన్ ముందు టీఎంపీడిర్, తర్వాత టెంప్, ఆపైన టీఎంపీ చూస్తుంది. సాధారణంగా రెండూ ఒకటే విలువతో ఉంటాయి కాబట్టి ఎవరికీ తేడా తెలియదు. ఒకదాన్ని మార్చి రెండోదాన్ని మరిచిపోయిన మెషీన్‌లో జావా ఒక ఫోల్డర్‌కి, పైథాన్ మరో ఫోల్డర్‌కి పోతాయి.

పైథాన్ గురించి ఇంకొకటి చెప్పాలి. వేరియబుల్స్‌లో ఉన్న చోట్లలో రాయగలనా అని అది పరీక్షించుకుంటుంది. రాయలేకపోతే ఎర్రర్ ఇవ్వదు, వరుసలో తర్వాతదానికి పోతుంది. అన్నీ అయిపోతే ఆఖరికి ప్రస్తుత డైరెక్టరీలో రాస్తుంది. స్క్రిప్ట్‌లకి ఇది మంచి గుణమే. కస్టమర్ల డాక్యుమెంట్లను ముట్టుకునే సర్వర్‌కి మాత్రం ప్రమాదం. పర్మిషన్ తప్పిన ఒక మెషీన్‌లో స్కాన్ ముక్కలు మా ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లో తేలాయి, అక్కడి నుంచి రోజువారీ బ్యాకప్‌లోకీ పోయాయి.

ప్రాసెస్‌ల మధ్య ఫైలు దారిని మాటగా పంపించుకోవడంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. సిస్టమ్‌డీలో ప్రైవేట్‌టీఎంపీ అనే సెట్టింగ్ పెడితే ఆ సర్వీస్‌కి తనదైన /టీఎంపీ వస్తుంది, సర్వీస్ ఆగితే అదీ పోతుంది. భద్రతకి చాలా మంచిది, నేను గట్టిగా సిఫార్సు చేస్తాను. కానీ జావా ఒక సర్వీస్‌గా, పైథాన్ మరో సర్వీస్‌గా నడిచే చోట, జావా "/టీఎంపీలో ఫలానా ఫైలు ఉంది చూడు" అంటే, పైథాన్ తన /టీఎంపీలో వెతుక్కుని లేదంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. లాగ్‌లో రెండు వైపులా ఒకే దారి కనిపిస్తుంది కాబట్టి చదివేవాళ్లకి పిచ్చెక్కుతుంది.

చివరి అడుగు: పేరు మార్చడం

పై చిక్కులన్నీ పని ఆపేవి. ఇప్పుడు చెప్పేది డేటాని పాడుచేయగలిగేది, అందుకే దీనికి ఎక్కువ సమయం పెట్టాం.

మార్పిడి పూర్తయిన పీడీఎఫ్‌ని టెంప్ నుంచి స్టోరేజ్‌కి జరపాలి. ఒకే ఫైల్ సిస్టమ్‌లో ఇది పేరు మార్చడం మాత్రమే. చూసేవాళ్లకి ఫైలు ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే అసలే ఉండదు. /టీఎంపీ ఒక ఫైల్ సిస్టమ్, స్టోరేజ్ మరొకటి అయితే కెర్నల్ ఒప్పుకోదు, క్రాస్ డివైస్ లింక్ అని తిప్పికొడుతుంది. జావాలోని మామూలు మూవ్ ఈ సంగతి మనకి చెప్పకుండా కాపీ చేసి పాతదాన్ని చెరిపేస్తుంది. విండోస్‌లో డ్రైవ్‌లు వేరైనా అంతే. కాపీ జరుగుతున్న ఆ కొన్ని క్షణాల్లో స్టోరేజ్‌లో సగం ఫైలు అసలు పేరుతో కూర్చుని ఉంటుంది. ఆ ఫోల్డర్‌ని కనిపెట్టుకుని, వెతకడానికి జాబితా కట్టే ఇండెక్సర్ దాన్ని అందుకుంటే సగం పీడీఎఫ్ చదువుతుంది. అదే సమయంలో కరెంటు పోతే ఆ సగమే శాశ్వతం.

డెవలపర్ మెషీన్‌లో ఇది ఎప్పుడూ జరగదు, అక్కడ అంతా ఒకే డిస్క్. కంటెయినర్లలో దాదాపు ప్రతిసారీ జరుగుతుంది, అక్కడ స్టోరేజ్ వేరే వాల్యూమ్. మూవ్‌కి అటామిక్ (జరిగితే పూర్తిగా, లేదంటే అసలే జరగకుండా) అనే ఆప్షన్ తప్పనిసరి చేశాం. అప్పుడు కుదరనిచోట కాపీకి దిగకుండా ఎక్సెప్షన్ వస్తుంది. దాంతోపాటు, ప్రచురించబోయే, అంటే స్టోరేజ్‌లోకి చేరబోయే, ఫైలును మొదటి నుంచీ స్టోరేజ్ వాల్యూమ్ లోపలే ఒక దాచిన ఫోల్డర్‌లో రాసేలా మార్చాం. పేరు మార్చేముందు డేటా డిస్క్‌కి చేరిందో లేదో ఎఫ్‌సింక్‌తో ఖాయం చేసుకుంటాం.

ఏం కట్టాం

ముందు కోడ్‌లో టెంప్ ఫైలు పుట్టే ప్రతి చోటునీ వెతికి, దాని ఆయుష్షు ఎంత అని రాసుకున్నాం. అవి తేలిగ్గానే గుంపులుగా విడిపోయాయి. ఒక రిక్వెస్ట్ బతికున్నంతసేపు ఉండే చిత్తు ఫైళ్లు. రీస్టార్ట్ తర్వాత కూడా ఉండాల్సిన, సగంలో ఆగిన అప్‌లోడ్‌లు. ప్రచురణకి సిద్ధమవుతున్నవి. సాకెట్లు. జావా ప్యాకేజీ అయిన జార్ లోపలి నుంచి బయటికి తీసి లోడ్ చేసే నేటివ్ లైబ్రరీలు. ఈ చివరివాటికి ఇంకో షరతు ఉంది: సెక్యూరిటీ నిబంధనల ప్రకారం /టీఎంపీని నోఎగ్జెక్‌గా (ప్రోగ్రామ్ కోడ్ నడపడానికి వీల్లేకుండా) మౌంట్ చేసిన మెషీన్లలో అక్కడి నుంచి లైబ్రరీ లోడ్ కాదు. ఇన్ని రకాల అవసరాలని ఒకే ఫోల్డర్ తీర్చలేదు.

అందుకని సర్వర్‌కి "వర్క్ డైరెక్టరీ" అనే ఒకే ఒక్క సెట్టింగ్ ఇచ్చాం. దాని కింద ఈ గుంపులకి విడివిడి ఫోల్డర్లు. సెట్టింగ్‌లో ఏమీ రాయకపోతే, లినక్స్‌లో సిస్టమ్‌డీ ఆ సర్వీస్‌కి కేటాయించే స్టేట్ డైరెక్టరీ, విండోస్‌లో ప్రోగ్రామ్‌డేటా కింద మా ఫోల్డర్, మ్యాక్‌లో యూజర్ లైబ్రరీలోని క్యాషెస్. ప్రచురణకి సిద్ధమయ్యేవి మాత్రం ఎప్పుడూ స్టోరేజ్ వాల్యూమ్‌లోనే. సాకెట్‌ని రన్ డైరెక్టరీ లాంటి పొట్టి దారిలో పెట్టాం. సిస్టమ్ టెంప్‌ని మా కోడ్ ఇప్పుడు నేరుగా ముట్టుకోదు. బయటి లైబ్రరీలు ఏవైనా అడిగితే వాటికీ మా ఫోల్డరే దొరికేలా, పిల్ల ప్రాసెస్‌లను మొదలుపెట్టేటప్పుడు టీఎంపీడిర్, టీఎంపీ, టెంప్ మూడింటినీ ఒకే విలువతో ఇస్తాం. జావాకి దాని ప్రాపర్టీ విడిగా.

టీమ్‌లో ఎక్కువ వాదన జరిగింది స్టార్టప్ చెక్ మీద. వర్క్ డైరెక్టరీ బాగా లేకపోతే సిస్టమ్ టెంప్‌తో సరిపెట్టుకుని నడిస్తే కస్టమర్‌కి ఇబ్బంది ఉండదు కదా అని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. పైన చెప్పిన ప్రతి ఫిర్యాదులోనూ ఏదో ఒక లైబ్రరీ ఇలాగే సరిపెట్టుకుంది. ఇన్‌స్టాల్ చేసిన రోజు, అడ్మిన్ స్క్రీన్ ముందు ఉన్నప్పుడు, సర్వర్ లేవనని మొరాయిస్తే ఐదు నిమిషాల పని. అదే తప్పు నెలల తర్వాత అర్ధరాత్రి బయటపడితే అందరికీ టెన్షన్. చివరికి సరిపెట్టుకోకూడదనే తేలింది. ఇప్పుడు సర్వర్ లేవగానే డైరెక్టరీ చేసుకుంటుంది, పర్మిషన్ 0700కి (యజమానికి మాత్రమే) కుదిస్తుంది, ఒక ఫైలు రాసి, చదివి, స్టోరేజ్ పక్క ఫోల్డర్ నుంచి అటామిక్‌గా పేరు మార్చి, చెరిపి చూస్తుంది. టీఎంపీఎఫ్ఎస్ అయితే హెచ్చరిస్తుంది. ఏది కుదరకపోయినా ఏ దారిలో ఏ పని కుదరలేదో చెప్పి ఆగిపోతుంది. అన్నీ కుదిరితే, లింకులన్నీ విప్పిన పూర్తి దారిని లాగ్‌లో ఒక లైనుగా రాస్తుంది. సపోర్ట్‌కి ఫోన్ వస్తే మా వాళ్లు మొదట అడిగేది ఆ లైనే.

పర్మిషన్ల విషయంలో విండోస్‌లో జాగ్రత్త కావాలి. ప్రోగ్రామ్‌డేటా కింద ఫోల్డర్ చేస్తే మామూలుగా ఆ మెషీన్‌లోని యూజర్లందరూ చదవగలిగే పర్మిషన్లు వారసత్వంగా వస్తాయి. ఆ వారసత్వాన్ని తెంచి, సర్వీస్ అకౌంట్‌కి, అడ్మినిస్ట్రేటర్లకి మాత్రమే ఇవ్వాలి. లినక్స్‌లో కూడా జావా పాత ఫంక్షన్‌తో చేసే టెంప్ ఫైలు, కొత్త ఫైళ్ల పర్మిషన్లు తేల్చే యూమాస్క్‌ని బట్టి ఇతరులకి చదవడానికి దొరకవచ్చు. కొత్త ఫంక్షన్ 0600తో (యజమాని మాత్రమే చదవగలిగేలా, రాయగలిగేలా) చేస్తుంది. /టీఎంపీ మీద స్టిక్కీ బిట్ ఉంటుంది కాబట్టి ఇతరులు చెరపలేరు, నిజమే. చదవకుండా మాత్రం అది ఆపదు. ఊహించగలిగే పేరుతో ఎవరైనా ముందే సింబాలిక్ లింకు పెట్టి మన చేత మరో ఫైలు మీద రాయించే పాత దాడిని లినక్స్ కెర్నల్ 3.6 నుంచి ఒక సెట్టింగ్ అడ్డుకుంటుంది. తాళం వేసిన సొంత ఫోల్డర్ ఉంటే ఆ సెట్టింగ్ మీద ఆధారపడాల్సిన అవసరమే రాదు.

ఊడ్చే బాధ్యత

ఫోల్డర్ మనదైతే చెత్తా మనదే. ప్రాసెస్ క్రాష్ అయినా, కరెంటు పోయినా మిగిలినవాటిని ఎవరో ఒకరు తీయాలి. జావాలో ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు చెరపమని చెప్పే డిలీట్‌ఆన్‌ఎగ్జిట్ సర్వర్‌కి పనికిరాదు. అది ప్రతి ఫైలు పేరునీ ప్రాసెస్ ముగిసేదాకా మెమరీలో దాచుకుంటుంది, క్రాష్ అయితే అసలు నడవదు.

సర్వర్ లేచిన ప్రతిసారీ తనకో కొత్త సబ్‌ఫోల్డర్ చేసుకుని, అందులో ఒక లాక్ ఫైలును పట్టుకుంటుంది. లేవగానే పక్కన ఉన్న పాత సబ్‌ఫోల్డర్ల లాక్‌లు ప్రయత్నిస్తుంది. లాక్ దొరికిందంటే దాని యజమాని చనిపోయాడని అర్థం, ఆ ఫోల్డర్ మొత్తం చెరిపేయవచ్చు. ప్రాసెస్ చనిపోతే దాని లాక్‌ని ఆపరేటింగ్ సిస్టమే విడిపిస్తుంది, అన్ని ప్లాట్‌ఫాంలలోనూ. ప్రాసెస్ నంబర్ రాసుకుని అది బతికుందా అని చూసే పద్ధతిని వద్దనుకున్నాం. నంబర్లు మళ్లీ మళ్లీ వాడబడతాయి, కంటెయినర్‌లో అయితే ప్రతి సర్వర్ నంబరూ తరచుగా 1. లాక్ విషయంలో ఒక మెళకువ ఉంది: లినక్స్‌లో జావా పట్టుకునే లాక్, అదే ప్రాసెస్‌లో ఇంకెవరైనా అదే ఫైలును తెరిచి మూసినా జారిపోతుంది. కాబట్టి ఆ ఫైలును ఇంకే కోడూ ముట్టుకోకూడదు.

సగంలో ఆగిన అప్‌లోడ్‌ల పద్ధతి వేరు. వాటి వయసుని ఫైలు తేదీని బట్టి కాక, డేటాబేస్‌లోని అప్‌లోడ్ రికార్డ్‌ని బట్టి లెక్కిస్తాం. రికార్డ్ లేని ఫైలును, గడువు దాటిన ఫైలును తీసేస్తాం. విండోస్‌లో చెరపడం కుదరకపోతే కాసేపాగి మళ్లీ ప్రయత్నించే క్యూ ఒకటి ఉంది. దాని పొడవు మానిటరింగ్‌లో కనిపిస్తుంది.

చోటు లెక్క కూడా అప్‌లోడ్ మొదలవకముందే చూస్తాం. నడుస్తున్న అప్‌లోడ్‌లు చెప్పిన సైజులన్నీ కూడి, మిగిలిన చోటుతో పోల్చి, సరిపోకపోతే మొదట్లోనే, చోటు చాలదని చెప్పే 507 కోడ్‌తో తిప్పి పంపుతాం. సగం ఎక్కాక తెగిపోవడం కంటే యూజర్‌కి ఇది మేలు.

కంటెయినర్ల గురించి క్లుప్తంగా: రూట్ ఫైల్ సిస్టమ్‌ని రీడ్ ఓన్లీ చేసి, వర్క్ డైరెక్టరీకి సైజు పరిమితితో ఎమ్టీడిర్ (కుబర్నెటిస్ ఇచ్చే, ఖాళీగా మొదలయ్యే తాత్కాలిక ఫోల్డర్) వాల్యూమ్ ఇవ్వమని మా గైడ్‌లో రాశాం. రీడ్ ఓన్లీ వల్ల, వేరేచోట రాయబోయే ఏ లైబ్రరీ అయినా వెంటనే దొరికిపోతుంది. ఎమ్టీడిర్‌ని మెమరీ రకంగా పెడితే అందులో రాసింది కంటెయినర్ మెమరీ లిమిట్‌లోకి లెక్క వస్తుంది, అది వద్దు. కంటెయినర్ రీస్టార్ట్ అయితే ఎమ్టీడిర్ ఉంటుంది, పాడ్ (కంటెయినర్లు కలిసి నడిచే గుంపు) పోతే పోతుంది. కాబట్టి ఆగిన అప్‌లోడ్‌లు కొనసాగాలనుకునేవాళ్లు పర్సిస్టెంట్ వాల్యూమ్ పెట్టుకోవాలి.

టెస్టులు మార్చకపోతే ఇవన్నీ మళ్లీ పాతబడతాయి. ఇప్పుడు ప్రతి బిల్డ్‌లోనూ సిస్టమ్ టెంప్‌ని రాయడానికి వీల్లేకుండా చేసి మొత్తం టెస్టులు నడుపుతాం. వర్క్ డైరెక్టరీ పేరులో ఖాళీలు, తెలుగు అక్షరాలు పెడతాం. విండోస్‌లో దారిని 260 అక్షరాల పాత హద్దు దాటిస్తాం. స్టోరేజ్‌ని వేరే చిన్న మౌంట్‌లో పెట్టి, మధ్యలో నింపేస్తాం. ఇంకా, సర్వర్ నడుస్తుండగానే సిస్టమ్ టెంప్‌లో ఉన్నదంతా చెరిపేసి, ఆ తర్వాత అప్‌లోడ్ చేస్తాం. మొదటి ఫిర్యాదు కోసం 10 రోజులు ఎదురుచూడనవసరం లేకుండా అది నిమిషంలో తేలుతుంది.

ఇప్పటికీ పూర్తిగా తేలనిది నెట్‌వర్క్ షేర్. చోటు ఎక్కువని కొందరు వర్క్ డైరెక్టరీని ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లను పంచే పద్ధతి) మీద పెడతారు. అక్కడ తెరిచి ఉన్న ఫైలును చెరిపితే క్లయింట్ దాన్ని చుక్కతో మొదలయ్యే ఎన్ఎఫ్ఎస్ అనే పేరుకి మార్చి, మూసేదాకా ఉంచుతుంది. ఫోల్డర్ చెరపబోతే ఖాళీగా లేదంటుంది. పైగా లాక్‌లు సర్వర్ సెటప్‌ని బట్టి ప్రవర్తిస్తాయి, మా ఊడ్పు ఆధారపడేది వాటి మీదే. ప్రస్తుతానికి నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ అని తెలిస్తే సర్వర్ ఆటోమేటిక్ ఊడ్పుని ఆపేసి, హెచ్చరిక రాసి, అడ్మిన్ స్వయంగా నడిపే కమాండ్‌ని చూపిస్తుంది. బతికున్న సర్వర్ కింద నుంచి ఫోల్డర్ లాగేయడం కంటే కొంత చెత్త మిగలడం నయమని అలా పెట్టాం. ఎన్ఎఫ్ఎస్ వెర్షన్ 4లో లాక్‌లు ప్రోటోకాల్‌లోనే భాగం కాబట్టి, ఆ వెర్షన్ వరకైనా ఊడ్పుని తిరిగి ఆన్ చేయవచ్చా అన్నది ఇప్పుడు పరీక్షిస్తున్నాం.